ఉద్యోగం మానేసి పూర్తిగా బాక్సింగ్‌లోకి వెళ్లనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. గాజువాక దగ్గర గోడౌన్‌లో పని, జీతం 19,800. ప్రొఫెషనల్ బాక్సింగ్ కూడా చేస్తున్నాను, పోయిన ఏడాది నాలుగు బౌట్లకు 1,25,000 వచ్చింది. ఉద్యోగం మానేస్తే ఏడాదికి ఆరు బౌట్లు ఇప్పిస్తానని మా మేనేజర్ అంటున్నాడు. పీఎఫ్‌లో ఉన్న 1,40,000 తీసి ఏడాది నెట్టుకొద్దామనుకుంటున్నా. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు.

జవాబు: ఇప్పుడైతే మానొద్దండి. మీరు పంపిన ఖర్చుల కాగితం ముందు పెట్టుకునే చెబుతున్నాను. జిమ్, కోచ్‌కి కలిపి 48,000, తిండికి అదనంగా 30,000, రైలు టికెట్లు, బస 14,000, మెడికల్ టెస్టులు 9,500, మూడో బౌట్‌లో కనుబొమ్మ చిట్లితే నర్సింగ్ హోమ్‌లో కుట్లకి 6,500. మొత్తం 1,08,000. మిగిలింది 17,000. అందులోంచి జీతం కోతతో పెట్టిన 20 రోజుల సెలవు, రోజుకి 660 చొప్పున 13,200 తీసేయండి. ఏడాదంతా దెబ్బలు తింటే చేతిలో నిలిచింది 3,800. ఆరు బౌట్లన్నా ఖర్చులూ పెరుగుతాయి, పైగా ఒక్కసారి నాకౌటైతే కొన్ని వారాలు డాక్టర్లు రింగెక్కనివ్వరు, ఆ వారాల్లో పాలవాడికి ఎవరిస్తారు? ఆరు బౌట్ల మాట మేనేజర్‌ని కాగితం మీద రాసిమ్మనండి, చూద్దాం.

ఆ కుట్ల డబ్బు చూసి నాకు నిజంగా బాధేసింది. మీ జీతం ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) పరిమితి 21,000 లోపే, కార్డు జేబులోనే ఉంది. డ్యూటీలో తగిలిన దెబ్బకే ఈఎస్ఐ అని చాలామంది అనుకుంటారు, కాదు, వైద్యం మామూలు జబ్బులకీ దెబ్బలకీ కూడా ఉంటుంది, భార్యాపిల్లలకీ ఉంటుంది. అక్కడి డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే, ఈఎస్ఐ చందా కట్టిన రోజులు సరిపోతే, పనికి వెళ్లలేని రోజులకి దాదాపు 70 శాతం జీతం కూడా వస్తుంది, మొదటి రెండు రోజులు తప్ప. ఉద్యోగం మానడమంటే ఇదంతా వదులుకోవడమే.

సొంతంగా కొన్న 5 లక్షల హెల్త్ పాలసీ ఉందిగా అని ధైర్యపడకండి. మన దేశంలో హెల్త్ పాలసీల్లో మామూలుగా ఉండే షరతు ఒకటుంది: ప్రమాదకరమైన ఆటల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొని తగిలించుకున్న గాయాలకి డబ్బివ్వరు. అందులో బాక్సింగ్ పేరు ఉండదు, కానీ ఇచ్చిన పేర్లు ఉదాహరణలే కాబట్టి క్లెయిమ్ దగ్గర అడ్డుపెట్టొచ్చు. కంపెనీకి మెయిల్ పెట్టి, బాక్సింగ్ గాయం వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకి డబ్బిచ్చే బీమా, ఇంకా లేదన్నారు, పాప కోసం వెంటనే తీసుకోండి, ఫారంలో బాక్సింగ్ సంగతి దాచకుండా రాయండి. ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి.

ఒకే ప్రమోటర్ ఇచ్చిన 60,000 లో 6,000 కోసేశాడన్నారు కదా, అది చాలావరకు టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) అయ్యుంటుంది, ఆటగాళ్ల ఫీజు మీద 10 శాతం కోస్తారు. మీ పేరున కట్టిన పన్ను చూపించే ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి, మీ ఆదాయానికి పన్నే పడదు. కనిపించకపోతే ప్రమోటర్‌ని గట్టిగా నిలదీయండి. బౌట్ డబ్బుకి వేరే ఖాతా తెరిచి, ఆరు నెలల ఇంటి ఖర్చు పోగయ్యేదాకా ప్రతి బౌట్‌లో మూడో వంతు కదపొద్దు. పీఎఫ్ ముట్టుకోవద్దు.

ఉద్యోగం చేస్తూ ఆడేవాడు చిన్న బాక్సర్ అనుకోకండి. అమెరికాలో బయోన్‌కి చెందిన చక్ వెప్నర్ పగలు మద్యం అమ్మే సేల్స్‌మన్, 1975లో మహమ్మద్ అలీతో 15వ రౌండ్ దాకా నిలబడ్డాడు. పూర్తి సమయం ప్రాక్టీస్ చేసింది ఆ పోటీకే. మీరూ పెద్ద బౌట్ దొరికినప్పుడు మూడు వారాలు జీతం లేని సెలవు అడగండి. ఖర్చులు పోను బాక్సింగ్ డబ్బు వరుసగా రెండేళ్లు జీతాన్ని దాటితే మళ్లీ రాయండి, అప్పుడు మానే సంగతి కూర్చుని లెక్కేద్దాం. ఈలోగా పాప పేరు ఈఎస్ఐ కార్డులో ఎక్కిందో లేదో కనుక్కోండి.