బటన్ ఎక్కడుందో ముందు చూడు, తల్లీ

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు.

మొన్న శనివారం రాత్రి ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటున్నాను. స్నేహితుల ఇంట్లో పోకర్ ఆడుతూ నీ వంతు రాకముందే ముక్కలు పడేశావని, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా నీ వైపు చూశారని, ఒకతను కాస్త కటువుగానే మాట్లాడాడని చెప్పావు. "ఎలాగూ ఆడను కదా అత్తయ్యా, ముందే వదిలేస్తే తప్పేముంది?" అని అడిగావు. ఆ ప్రశ్నకు సమాధానం తెలిస్తే ఈ ఆట సగం తెలిసినట్టే. అది ఫోనులో రెండు మాటల్లో తేలేది కాదు.

మన ఇంట్లో అందరం మూడు ముక్కలాట చూసి పెరిగినవాళ్ళం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మూడు ముక్కలాటలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా పందెం కాయడం. పోకర్‌లో బ్లైండ్ అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం. మాట ఒకటే, అర్థం వేరు. ఇంకో తేడా ఇంతకంటే పెద్దది. మూడు ముక్కలాటలో పందెం బల్ల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. చివరికి ఇద్దరు మిగిలి ఒకరు షో అడిగేదాకా వంతు వచ్చిన ప్రతిసారీ బిళ్ళ వేయాల్సిందే. పోకర్‌లో అలా కాదు. అందరి పందెం సమానమైన క్షణంలో ఆ రౌండు ముగిసిపోతుంది. ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు ఇది ఎవరూ విడమరచి చెప్పలేదు. రౌండు ఎప్పుడు మొదలైందో, ఎందుకు ఆగిందో తెలియక నెలల తరబడి పక్కవాళ్ళ ముఖాలు చూసి ఆడాను. నీకు ఆ అవస్థ వద్దు.

మీరు ఆడుతున్నది టెక్సాస్ హోల్డెమ్ కనుక దాని గురించే రాస్తాను. అది నువ్వు చదువుకుంటున్న రాష్ట్రంలోనే పుట్టింది. కార్పస్ క్రిస్టీ దగ్గర రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊరే దీని జన్మస్థలమని టెక్సాస్ శాసనసభ 2007లో తీర్మానం కూడా చేసింది.

బల్ల దగ్గర కూర్చోగానే నీ ముక్కల మీద చూపు పెట్టకు. తెల్లని గుండ్రటి బిళ్ళ ఒకటి ఒకరి ముందు ఉంటుంది. దాన్నే బటన్ అంటారు. ఆ ఆటకు ముక్కలు పంచేవాడి స్థానం అదన్నమాట, నిజంగా పంచేది వేరే మనిషైనా సరే. ఒక్కో ఆట అయిపోగానే అది ఎడమ పక్క మనిషికి జరుగుతుంది. వంతులన్నీ ఆ బిళ్ళను బట్టే లెక్క. బటన్‌కు వెంటనే ఎడమ పక్కన ఉన్నవారు స్మాల్ బ్లైండ్, ఆ తర్వాతివారు బిగ్ బ్లైండ్. ఆట గడియారం ముల్లు తిరిగే దిశలో, అంటే ప్రతి మనిషి నుంచి వారి ఎడమ పక్కకు సాగుతుంది.

వంటింటి బల్ల మీద ఆరు చెంచాలు గుండ్రంగా పెట్టుకొని, గుప్పెడు చింతగింజలు దగ్గర ఉంచుకొని ఇది చదువు. ఒకటో చెంచా దగ్గర బటన్. రెండోది స్మాల్ బ్లైండ్, ఒక గింజ వేయాలి. మూడోది బిగ్ బ్లైండ్, రెండు గింజలు. అందరికీ రెండేసి ముక్కలు పంచారు. ఇప్పుడు మొదట మాట్లాడాల్సింది ఎవరు? స్మాల్ బ్లైండ్ కాదు. ఆ ఇద్దరూ ముందే బలవంతపు పందెం పెట్టేశారు కనుక వారి తర్వాతివారు, అంటే నాలుగో చెంచా. బటన్ వంతు వచ్చాక స్మాల్ బ్లైండ్, అందరికంటే చివర బిగ్ బ్లైండ్. ముక్క చూడకుండా డబ్బు పెట్టినందుకు ఆ మనిషికి ఆట ఇచ్చే పరిహారం అదే.

నువ్వు ఐదో చెంచా అనుకో. నాలుగో చెంచా రెండు గింజలు వేసింది, దీన్నే కాల్ అంటారు. నువ్వూ రెండు వేశావు. ఆరో చెంచా ఎనిమిది గింజలకు పెంచింది, అది రెయిజ్. బటన్ ముక్కలు వదిలేసింది. స్మాల్ బ్లైండ్ కూడా వదిలేసింది. బిగ్ బ్లైండ్ ఇంకో ఆరు గింజలు వేసి ఎనిమిదికి సమానం చేసింది. రౌండు అయిపోయిందా? చాలామంది కొత్తవాళ్ళు అయిపోయిందనుకుంటారు, ఎందుకంటే అందరూ ఒకసారి మాట్లాడేశారు. కాలేదు. నాలుగో, ఐదో చెంచాలు రెండు గింజల దగ్గరే ఉన్నాయి. నాలుగోది మరో ఆరు గింజలు వేసింది. నీ ముక్కలు నీకు నచ్చలేదు, వదిలేశావు. ఇప్పుడు అయిపోయింది. ఆరోవాడికి మళ్ళీ వంతు రాదు. మన ఊళ్ళో వేలంపాట చూశావు కదా, చివరి పాట పాడినవాడు తన మీద తాను మళ్ళీ పాడుకోడు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, ఉన్న గింజలు లెక్కపెట్టు: నాలుగో చెంచా, ఆరో చెంచా, బిగ్ బ్లైండ్‌వి కలిసి ఇరవై నాలుగు, నీవి రెండు, స్మాల్ బ్లైండ్‌ది ఒకటి, మొత్తం ఇరవై ఏడు. లెక్క తప్పితే వంతు ఎక్కడో జారిపోయిందని అర్థం.

కనుక బల్ల దగ్గర నీ మనసులో తిరగాల్సిన ప్రశ్న ఒకటే. చివరగా పెంచింది ఎవరు, వారికి ఇంకా జవాబు చెప్పనిది ఎవరు? ఎవరు పెంచితే వారి దగ్గర నుంచి లెక్క కొత్తగా మొదలవుతుంది. ఆ పెంపు దాటి, మళ్ళీ వారి కుడి పక్క మనిషి దాకా జవాబు వచ్చేస్తే రౌండు మూతపడుతుంది.

ఎవరూ పెంచకుండా అందరూ రెండేసి గింజలే వేశారనుకో. అప్పుడు బిగ్ బ్లైండ్ పందెం ఇప్పటికే సమానం కనుక ఆట ముందుకు వెళ్ళిపోతుందని అనుకోకు. తను కావాలంటే పెంచవచ్చు, లేదంటే చెక్ అని ఊరుకోవచ్చు. ఆ హక్కు వాడుకోకముందే తర్వాతి ముక్కలు పరచకూడదు. నువ్వు బిగ్ బ్లైండ్‌లో ఉన్నప్పుడు పంచేవాడు తొందరపడితే "నా వంతు ఉంది" అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పు. మొహమాటపడకు.

ఇక బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు పరుస్తారు, అది ఫ్లాప్. ఆ తర్వాత నాలుగో ముక్క టర్న్, ఐదోది రివర్. టర్న్ అనే మాట విని నీ వంతు అని పొరబడకు, అది ముక్క పేరు. ఒక్కోదాని తర్వాత ఒక పందెం రౌండు ఉంటుంది. ఈ మూడు రౌండ్లలోనూ వరస మారిపోతుంది. బటన్‌కు ఎడమ పక్కన ఇంకా ఆటలో ఉన్న మొదటి మనిషి ముందు మాట్లాడాలి. బటన్ ఆటలో ఉంటే అందరికంటే చివర. మన చెంచాల ఆటలో స్మాల్ బ్లైండ్ వెళ్ళిపోయింది కనుక ఫ్లాప్ మీద మొదట బిగ్ బ్లైండ్, తర్వాత నాలుగో చెంచా, చివర ఆరోది. ఇంతకుముందు ఎవరు పెంచారన్నది ఇక్కడ అనవసరం. ఆరోవాడు పెంచాడు కదా, అతడే మొదలుపెట్టాలని కొందరు వాదిస్తారు. వినకు.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను.

ఫ్లాప్ మీద ముందు మాట్లాడేవారికి ఏమీ తెలియదు. తన వెనుక ఉన్న ఇద్దరూ ఏం చేస్తారో ఊహించాలి. చివర మాట్లాడేవారికి ఆ ఇద్దరూ చెక్ అన్నారా, పందెం కాశారా, కాస్తే ఎంత కాశారు, ఎంతసేపు ఆలోచించారు అన్నదంతా ముందే తెలుస్తుంది. ఆ తెలియడమే వారి చేతిలో ఉన్న మూడో ముక్క అనుకో. ఇస్పేటు ఆసు, కళావరు తొమ్మిది నీకు వచ్చాయనుకో. నాలుగో చెంచా దగ్గర కూర్చుంటే నేను వాటిని వదిలేస్తాను, నా తర్వాత ఐదుగురు మాట్లాడాలి కనుక. అవే ముక్కలు బటన్ దగ్గర వచ్చి, ముందున్నవాళ్ళంతా వదిలేసి ఉంటే సంతోషంగా పెంచుతాను. ముక్కలు మారలేదు, కూర్చున్న చోటు మారింది. స్మాల్ బ్లైండ్ అన్నిటికంటే కష్టమైన చోటు. సగం పందెం ముందే వేశాను కదా, ఇంకో గింజ వేస్తే పోయేదేముంది అని మనసు లాగుతుంది. కానీ తర్వాత మూడు రౌండ్లూ చీకట్లో మొదట అడుగు వేయాల్సింది ఆ మనిషే.

అలాంటప్పుడు నువ్వు వంతు రాకముందే ముక్కలు పడేస్తే ఏమవుతుందో చూడు. నీ కుడి పక్క మనిషి పందెం కాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. తన వెనుక ఇద్దరున్నారు, ఎవరో ఒకరి దగ్గర మంచి ముక్కలు ఉండవచ్చని భయపడుతున్నాడు. అంతలో నువ్వు వెళ్ళిపోయావు. ఇక ఒక్కరికే భయపడితే చాలు. ఆ ధైర్యంతో పందెం కాస్తాడు. ఆ దెబ్బ తగిలేది నీకు కాదు, నీ ఎడమ పక్కన కూర్చుని తన వంతు కోసం ఓపికగా ఎదురుచూస్తున్న మనిషికి. పంక్తి భోజనంలో అందరూ తినడం పూర్తికాకుండా విస్తరి ముందు నుంచి లేవకూడదని మీ నాయనమ్మ మనందరినీ కూర్చోబెట్టేది, గుర్తుందా? నీ కడుపు నిండిందా లేదా అన్నది కాదు అక్కడ విషయం. ఇదీ అంతే. ఆ అబ్బాయి గొంతు పెంచడం నాకు నచ్చలేదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకు మెల్లగా చెప్పాలి. కానీ అతని బాధలో న్యాయం ఉంది.

కాబట్టి ముక్కలు వదిలేయాలని ముందే నిశ్చయించుకున్నా వాటిని పట్టుకొని కూర్చో. వాటి మీద ఒక బిళ్ళ పెట్టి ఉంచుకో. చేతిలోకి బిళ్ళలు ముందే తీసుకోకు, అదీ ఒక సమాచారమే. వంతు దాటి చేసిన పని చాలా చోట్ల నిన్ను కట్టిపడేస్తుంది కూడా. వంతు రాకముందే కాల్ అన్నావనుకో, నీ దాకా వచ్చేసరికి ముందువాళ్ళు ఎవరూ పెంచకపోతే ఆ మాటకు నువ్వు కట్టుబడాల్సిందే. పెంచితే మళ్ళీ ఆలోచించుకోవచ్చు. వదిలేసిన ముక్కలు మాత్రం సాధారణంగా వెనక్కి రావు. వంతు వచ్చాక చేతులతో చేసేముందు నోటితో చెప్పడం అలవాటు చేసుకో. "కాల్", "రెయిజ్, ఇరవై" అని. కొన్ని బిళ్ళలు వేసి, ఎదుటివారి ముఖం చూసి, మళ్ళీ కొన్ని వేయడం అసలు కుదరదు.

నువ్వు అడగకపోయినా ఇంకో మెలిక చెప్పాలి. ఫ్లాప్ మీద ఒకరు పది కాశారు, రెండోవారు పది వేశారు, మూడోవారి దగ్గర పద్నాలుగే ఉన్నాయి, అన్నీ పెట్టేశారు. పందేనికి పై పరిమితి లేని నో లిమిట్ ఆటలో పెంపు అంటే కనీసం ముందటి పందెమంత పెంచాలి, అంటే ఇరవై దాకా. నాలుగే పెరిగాయి కనుక ఇది పూర్తి పెంపు కాదు. మొదటి ఇద్దరికీ వంతు మళ్ళీ వస్తుంది కానీ నాలుగు వేయడమో వదిలేయడమో తప్ప పెంచడానికి వీల్లేదు. ఇంకా మాట్లాడనివారు ఎవరైనా ఉంటే వారు పెంచవచ్చు. గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి, అందుకే చెప్పాను.

మీ గదిలో ఇద్దరే కూర్చుని ఆడితే బటన్ ఉన్నవారే స్మాల్ బ్లైండ్ వేస్తారు. ఫ్లాప్‌కు ముందు వారే మొదట, ఆ తర్వాత వారే చివర. ఇది ఇద్దరే ఆటకు కూర్చున్నప్పటి మాట. ఆరుగురి ఆటలో నలుగురు వదిలేసి ఇద్దరు మిగిలితే పాత వరసే సాగుతుంది. చివర ముక్కలు చూపించడానికీ వరస ఉంది. రివర్ మీద పందెం నడిచి ఉంటే ఆఖరున కాసినవారో పెంచినవారో ముందు చూపించాలి. అందరూ చెక్ అంటే బటన్ ఎడమ పక్క నుంచి మొదలు. ఎప్పుడైనా ఎవరైనా సెవెన్ కార్డ్ స్టడ్ అనే ఇంకో రకం పోకర్ ఆడదామంటే ఇదంతా పక్కన పెట్టు. అందులో బటన్‌ను బట్టి వంతు ఉండదు, పైకి తిప్పిన ముక్కల్లో అన్నిటికంటే చిన్నది ఎవరిదో వారు మొదటి రౌండు మొదలుపెడతారు, తర్వాత నుంచి పైకి కనిపించే ముక్కల్లో పెద్దవి ఎవరివో వారు.

డబ్బు సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. నేర్చుకునే రోజుల్లో ఉత్త బిళ్ళలతోనే ఆడండి. టెక్సాస్‌లో ఇంట్లో స్నేహితుల మధ్య, ఇంటివారు వాటా తీసుకోకుండా, అందరికీ సమాన అవకాశంతో ఆడే ఆటకు చట్టం మినహాయింపు ఇస్తుంది. ప్రవేశ రుసుమనో వాటా అనో ఎవరైనా అడిగితే మాత్రం లేచి వచ్చేయ్. ఊళ్ళో ఉన్న నీ తమ్ముడికి ఈ ఆట నేర్పితే చెంచాలతో, గింజలతో నేర్పు, యాప్‌ల జోలికి వెళ్ళనివ్వకు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను నిషేధించాయి, 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. యాప్‌లో వంతు దానంతట అదే వస్తుంది, బొత్తాం వెలుగుతుంది, నొక్కుతారు. వరస ఎవరికీ అబ్బదు, డబ్బు మాత్రం పోతుంది.

ఒక లెక్క ఇస్తున్నాను. ఆరు చెంచాలు, బటన్ నాలుగో దాని దగ్గర. ఒకటోది వదిలేసింది. రెండోది పెంచింది. మూడోది వదిలేసింది. బటన్ కాల్ అంది, స్మాల్ బ్లైండ్ కాల్ అంది, బిగ్ బ్లైండ్ వదిలేసింది. ఫ్లాప్ మీద మొదట మాట్లాడేది ఎవరు? ముందున్న ఇద్దరూ చెక్ అన్నాక బటన్ పందెం కాస్తే, ఆ తర్వాత వంతు ఎవరిది, ఆ రౌండు ఎవరి మాటతో ముగియవచ్చు? ఆదివారం ఉదయం ఫోను చేసి చెప్పు. కాగితం చూడకుండా చెప్పాలి.

నీ
అత్తయ్య