ప్రశ్న – జవాబు: చర్చి గోడ మీద నీలిమందు బస్తా

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి ఫ్రాన్స్ వెళ్లినప్పుడు అమియాన్ అనే ఊళ్లో 800 ఏళ్ల నాటి కేథడ్రల్ చూశాం. అంత పెద్దది కట్టడానికి డబ్బు రాజుగారు ఇచ్చారా? గైడ్ ఏదో ఆకు గురించి చెప్పాడు, అర్థం కాలేదు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ ఆకు గురించి అడిగారు చూడండి, నాకు ప్రాణం లేచొచ్చింది. మా తాతయ్య నీలి అద్దకం పని చేసేవారు.

రాజు సొమ్ముతో లేచిన గుడి కాదది. పాత చర్చి 1218లో కాలిపోతే, 1220లో బిషప్ ఎవ్రార్ ద ఫుయ్వా కొత్తది మొదలుపెట్టించారు. మేస్త్రీ రోబేర్ ద లుజార్ష్. బాప్తిస్మమిచ్చే యోహాను తల అని నమ్మే అవశేషం 1206లోనే ఆ ఊరు చేరింది కాబట్టి యాత్రికుల కానుకలు వచ్చేవి. వాటికి తోడు ఊరి వర్తకుల సొమ్ము. ఆ సొమ్ము ఎక్కువగా మీరడిగిన ఆకుదే.

దాని పేరు గెద్. మన ఆవ మొక్కకు చుట్టం, పూలు కూడా అలాగే పసుప్పచ్చగా పూస్తాయి. ఆకులు నూరి, ముద్దలు కట్టి ఎండబెట్టి, మళ్లీ తడిపి పులియబెడితే నీలిరంగు సరుకు తయారు. సోమ్ నది మీద పడవల్లో ఎగుమతి చేసేవారు. 1237లో లండన్ వాళ్లతో ఏకంగా ఒప్పందమే రాసుకున్నారు.

మన నీలి మొక్క వేరే జాతి, కానీ లోపలి రంగు ఒకటే. తాతయ్య తొట్టిలోంచి గుడ్డ పైకి తీస్తే ముందు ఆకుపచ్చగా ఉండేది. గాలి తగిలేకొద్దీ మా కళ్లముందే నీలంగా మారేది. అమియాన్ అద్దకందార్లు కూడా రోజూ ఆ వింతే చూసి ఉంటారు.

ఆ తర్వాతి కథ మనదాకా వస్తుంది. సముద్రం మీద మన దేశపు నీలిమందు వచ్చిపడటంతో గెద్ రైతులకు దెబ్బ తగిలింది. 1609లో ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ, నీలిమందు వాడితే మరణశిక్షేనని శాసనం చేశాడు. అయినా ఆగలేదు. అదే శతాబ్దంలో డచ్చివాళ్లు మచిలీపట్నం రేవు నుంచి మన నీలిమందును ఓడలకెక్కించారు. ఖమ్మం దగ్గర నాగులవంచలో వాళ్లకు వర్తక స్థావరం కూడా ఉండేది.

42 మీటర్ల ఎత్తు కప్పు చూసి ఎవరైనా నోరెళ్లబెడతారు, నేనూ అంతే. కానీ నాకు కళ్లు చెమర్చింది బయట, దక్షిణం వైపు గోడ దగ్గర. అక్కడ రాతిలో ఇద్దరు గెద్ వర్తకులున్నారు, మధ్యలో పెద్ద బస్తా. సాధువుల విగ్రహాలున్న గోడ మీదే సరుకు బస్తాకీ చోటిచ్చారు. మీ ఫోన్‌లో ఆ వైపు ఫొటోలుంటే పెద్దవి చేసి చూడండి. బస్తా కనిపిస్తే నాకూ ఒకటి పంపండి, నేను తీసిన ఫొటో వానలో సరిగ్గా రాలేదు.