ముందు కాగితం, తర్వాతే సిరంజి

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఉన్నది ఒకే ఒక్క గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (మిశ్రమాన్ని ఆవిరి చేసి, అందులోని పదార్థాలను విడదీసి చూపే మిషన్). పిల్లలు మాన్యువల్‌లో ఉన్నది ఉన్నట్టు చేసేసి, పీక్‌ల (గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికీ వచ్చే శిఖరాల) ప్రింట్ తీసుకుని వెళ్లిపోతున్నారు. ప్రయోగాన్ని సొంతంగా ప్లాన్ చేసుకోవడం ఎలా నేర్పాలి? మూడు గంటల ప్రాక్టికల్‌లో అయ్యే పనేనా?
- ఒక కెమిస్ట్రీ లెక్చరర్

జవాబు: అవుతుందండీ. ముందు మాన్యువల్‌లోంచి అవెన్ టెంపరేచర్, గ్యాస్ ఫ్లో అంకెలు కొట్టేయండి. దగ్గరదగ్గరగా బయటికొచ్చే రెండు పదార్థాల మిశ్రమం ఇచ్చి, "రిజల్యూషన్ (రెండు పీక్‌లు ఎంత విడివిడిగా వచ్చాయో చెప్పే అంకె) 1.5కి తగ్గకూడదు, టైం మాత్రం వీలైనంత తక్కువ పట్టాలి" అని చెప్పి ఊరుకోండి.

చాలామంది టెంపరేచర్‌ను అలాగే ఉంచి ఫ్లో మారుస్తారు, తర్వాత ఫ్లోను అలాగే ఉంచి టెంపరేచర్ మారుస్తారు. ఇక్కడే చిక్కంతా. ఫ్లో పెంచడం వల్ల వచ్చే మార్పు తక్కువ వేడిలో ఒకలా, ఎక్కువ వేడిలో ఇంకోలా ఉండొచ్చు, ఒక్కొక్కటే మారుస్తూ పోతే అది కంటపడదు. రెండు టెంపరేచర్లు, రెండు ఫ్లోలు కలిపితే నాలుగు జతలు, ఒక్కోటి రెండుసార్లు చేస్తే ఎనిమిది ఇంజెక్షన్లు. పది నిమిషాల్లో ముగిసే శాంపిల్ ఎంచుకుంటే, మధ్యలో అవెన్ కుదురుకునే టైం పోయినా మూడు గంటల్లో సర్దుకోవచ్చు.

ఆ ఎనిమిదింటి వరుస చీటీలు తీసి తేల్చమనండి. "ముందు తక్కువ టెంపరేచర్‌వన్నీ కానిచ్చేద్దాం" అని తప్పకుండా అడుగుతారు, అడిగినప్పుడు ఇంజెక్టర్ మూత విప్పి, సూది పదేపదే గుచ్చిన సెప్టమ్‌ను (గ్యాస్ బయటికి పోకుండా ఇంజెక్టర్‌ను మూసి ఉంచే రబ్బరు బిళ్లను) వాళ్ల చేతిలో పెట్టండి. అది లీకవుతూ ఉంటే, వేడి రన్‌లన్నీ చివర్లో పడితే, తేడా టెంపరేచర్ వల్ల వచ్చిందా, సెప్టమ్ వల్ల వచ్చిందా ఎవరు చెప్పగలరు? (విప్పేముందు ఇంజెక్టర్ చల్లారాలి, గ్యాస్ ఆపాలి. లేదా పాతది ఒకటి దాచిపెట్టుకోండి, అదే సులువు.)

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇంకోటుంది. ఒకే వయల్ (శాంపిల్ ఉన్న చిన్న సీసా) నుంచి రెండుసార్లు ఎక్కిస్తే తెలిసేది సిరంజి పట్టిన చెయ్యి, మిషన్ ఎంత నిలకడగా ఉన్నాయన్నదే. శాంపిల్ తయారీలో వచ్చే తేడా తెలియాలంటే మళ్లీ తూచి, మళ్లీ కలపాలి. "రెండుసార్లు చేశాం" అన్న ప్రతి గ్రూపునూ "ఏది రెండుసార్లు?" అని అడగండి.

ఇక మార్కులు. కనీసం సగం, మిషన్ దగ్గరికి వెళ్లకముందు వాళ్లు రాసిచ్చే కాగితానికే ఇవ్వండి: ఏం మారుస్తారు, ఏం కొలుస్తారు, ఏం వస్తుందనుకుంటున్నారు. ఊహ తప్పిందని మాత్రం ఒక్క మార్కు కూడా కోయకండి, కోస్తే వచ్చే ఏడాది పిల్లలు సీనియర్ల రికార్డు చూసి ఊహలు రాస్తారు.