6 నెలల ల్యాబ్రడార్‌కు గర్భసంచి ఇప్పుడే తీయించాలా?

మీ ఆడ ల్యాబ్రడార్‌కు 6 నెలలని, మొదటిసారి ఎదకు రాకముందే ఆపరేషన్ చేయించాలా, ఒక కాన్పు అయ్యాకా, అసలు అవసరమేనా అని అడిగారు. ఇప్పుడే వద్దు. కానీ మానేయకండి, దయచేసి.

మాది హనుమకొండ. మా మొదటి కుక్క పొమేరియన్. ‘ఆరోగ్యంగానే ఉంది కదా, కోయించడం ఎందుకు’ అని వదిలేశాం. దాని 9వ ఏట, ఎద ముగిసి నెల దాటాక, నీళ్లు విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. మే నెల, వరంగల్ ఎండలు. దాహమే అనుకుని గిన్నె నింపుతూ పోయాం. నాలుగో రోజు అన్నం ముట్టలేదు. స్కానింగ్‌లో గర్భసంచి నిండా చీము కనిపించింది. దీన్ని పయోమెట్రా అంటారు. కడుపు నిలిచినా నిలవకపోయినా, ఎద తర్వాత సుమారు రెండు నెలలు ప్రొజెస్టిరాన్ హార్మోన్ గర్భసంచి లోపలి పొరను మందంగా మారుస్తుంది. అక్కడ బ్యాక్టీరియా సులువుగా పెరుగుతుంది. గర్భసంచి ముఖం మూసుకుపోతే చీము బయటికి రాదు, మనకు తెలియదు. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. తెల్లవారేసరికి చనిపోయింది. స్వీడన్ బీమా రికార్డులను చూసిన పరిశోధకులు, 10 ఏళ్లు వచ్చేలోపు ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు ఈ జబ్బు వస్తుందని తేల్చారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడున్నది ల్యాబ్రడార్. దీనికి మాత్రం తొందరపడలేదు. ఈ ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తారు. ఎముకల ఎదుగుదల సరైన సమయానికి ఆగడానికి ఆ అండాశయాల హార్మోన్లే కావాలి. పెద్ద జాతుల్లో ముందే తీసేస్తే కీళ్ల జబ్బులు పెరుగుతాయని కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం పరిశోధనలు చూపాయి. ఆగితే ఇంకో భయం, రొమ్ము గడ్డలది. మొదటి ఎదకు ముందే చేయిస్తే అవి చాలా అరుదని 1969 నాటి అధ్యయనం చెప్పింది. ఆ ఆధారాలు అంత బలమైనవి కావని తర్వాతి సమీక్షకులు అన్నా, నేను ఇప్పటికీ నెలకోసారి పొట్ట తడిమి చూస్తాను.

మాది 11వ నెలలో ఎదకు వచ్చింది. ఎదలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి కాబట్టి 3 నెలలు ఆగి చేయించాం. తర్వాత ఒళ్లు చేసింది, అన్నం తగ్గించాం. పెద్ద కుక్కల్లో కొన్నింటికి మూత్రం ఆగని ఇబ్బంది కూడా వస్తుంది, చాలావరకు మాత్రలతో అదుపవుతుంది. ఒక కాన్పు అయితే ఆరోగ్యమన్న మాటకు ఆధారం లేదు.

ఆపరేషన్ అయ్యేదాకా ఎద తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ తర్వాతి రెండు నెలల్లో నీళ్లు ఎక్కువ తాగితే అదే రోజు డాక్టరుకు చూపించి స్కానింగ్ అడగండి, ఎండాకాలమైనా సరే.