అమ్మతో ఇటలీ: ఖర్చు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను చూశాను. పది రాత్రుల్లో రోమ్, నేపుల్స్, పాంపే, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, మిలాన్. ఒక్కో ఊరి పక్కన గది అద్దె, రైలు ఛార్జీ రాసి కింద మొత్తం కూడావు. లెక్క బాగానే ఉంది, కానీ అందులో మీ అమ్మ మోకాళ్ళు ఎక్కడా కనపడలేదు. మీ అమ్మమ్మని వెంటబెట్టుకుని ఇటలీ తిరిగినదాన్నని నన్ను అడిగావు కాబట్టి చెప్తున్నా. డబ్బు ఎక్కడైనా మిగుల్చుకో, మీ అమ్మ నడక దగ్గర, నిద్ర దగ్గర మాత్రం మిగల్చకు.

ముందు ఊళ్ళు తగ్గించు. రోమ్‌లో ఐదు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో మూడు, వెనిస్‌లో రెండు. చాలు. ఊరు మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దడం, స్టేషన్‌కి పరుగు, గది ఇంకా సిద్ధం కాలేదంటే సామాను దాచుకోవడానికి మళ్ళీ డబ్బు, ఇలా సగం రోజు పోతుంది. పీసా చూడాలని ఉంటే ఫ్లోరెన్స్ నుంచి మామూలు రైల్లో గంట. వాలిన గోపురాన్ని బయటి నుంచి చూడటానికి టికెట్ అక్కర్లేదు, పైకెక్కడం ఎలాగూ మీ వల్ల కాదు. పాంపే నాకూ ఇష్టమే, కానీ నీడ లేని చోట ఎగుడుదిగుడు రాళ్ళ మీద గంటల కొద్దీ నడవాలి. అది నీ స్నేహితులతో వెళ్ళినప్పుడు చూసుకో.

వెళ్ళే నెల కూడా మార్చు. ఆగస్టులో ఎండ మండిపోతుంది, పైగా 15న వాళ్ళకి ఫెర్రగోస్తో పండగ. ఆ చుట్టుపక్కల రోజుల్లో చిన్న చిన్న హోటళ్ళు, దుకాణాలు చాలా మూసేసి ఊళ్ళకి పోతారు. మే, సెప్టెంబర్లలో వాతావరణం బాగుంటుంది గానీ గదుల అద్దెలూ అలాగే ఉంటాయి. మార్చి గానీ, అక్టోబరు చివర గానీ చూడు. ఈస్టర్ వారం మాత్రం తప్పించు, అది ఒక్కోసారి మార్చిలోనే వస్తుంది. కొంచెం చలి ఉంటుంది, స్వెట్టర్ వేసుకుంటే సరి.

వీసా సంగతి నీకు తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, చివరి నిమిషం దాకా ఆగకు. ఫీజు మనిషికి 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఖర్చంతా నువ్వే పెడుతున్నావు గనక నీ జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, నువ్వు తన కూతురివనే రుజువు అమ్మ ఫైల్లో కూడా పెట్టు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలన్నది రూలు. అందరూ అక్కడితో ఆపేస్తారు. మీ అమ్మకి బీపీ ఉంది, షుగర్ ఉంది. పాత జబ్బుల వల్ల ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఎంతవరకు ఇస్తారో చదివి మరీ తీసుకో. రెండు మూడు వందలు తక్కువని ఏదో ఒకటి కొనేయకు.

విమానానికి రోమ్‌లో దిగి, వెనిస్ నుంచి ఎక్కేలా టికెట్ చూడు. గల్ఫ్ మీదుగా వెళ్ళేవి రెండు ఊళ్ళకీ ఉన్నాయి. మళ్ళీ రోమ్‌కి వెనక్కి రావడానికి అయ్యే రైలు ఖర్చు, ఒక రోజు మిగులుతాయి. నాలుగు వేలు కలిసొస్తుందని మధ్యలో పదకొండు గంటలు ఆగే టికెట్ కొన్నావంటే నాకు కోపం వస్తుంది. ఆ రాత్రంతా మీ అమ్మ కుర్చీలో కూర్చుని, మర్నాడు రోమ్‌లో కాళ్ళు వాచి దిగుతుంది.

టికెట్ కొనేటప్పుడే అమ్మకి వీల్‌చైర్ అడుగు. దానికి డబ్బు తీసుకోరు. "నాకేమన్నా కాళ్ళు లేవా" అని మీ అమ్మ ఎగురుతుంది, నాకు తెలుసు. 2025 అక్టోబరు నుంచి యూరప్‌లో అడుగుపెట్టే మనలాంటి బయటి దేశాలవాళ్ళకి వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి వచ్చింది, ఇమిగ్రేషన్‌లో ఎంతసేపైనా నిలబడాల్సి రావచ్చు. ఆ మాట చెప్పు, ఒప్పుకుంటుంది.

రోమ్‌లో దిగాక ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినీ స్టేషన్‌కి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ అని రైలుంది, అరగంట ప్రయాణం, మనిషికి 14 యూరోలు. ఇద్దరికీ 28. తెల్ల టాక్సీకి పాత కోట గోడల లోపలి ఊరికి ఖాయం ధర 55, మనుషులకీ సామానుకీ కలిపి. నీ ప్లానులో రైలు ఉంది. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన రోజు ఆ 27 యూరోలు టాక్సీకి పెట్టు, గది గుమ్మం ముందు దిగుతారు. ఆ మర్నాటి నుంచి బస్సులే. రోమ్‌లో బస్సు, మెట్రో టికెట్ యూరోన్నర, వంద నిమిషాలు చెల్లుతుంది. టెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64 నంబరు బస్సులో జేబుదొంగలు ఎక్కువ. అమ్మ మెళ్ళో గొలుసు ఇంట్లోనే పెట్టించు, నల్లపూసలు చాలు.

గది విషయంలో నాకు ఒక్కటే షరతు, లిఫ్ట్. పాత కట్టడాల్లో మూడో అంతస్తు గది చవగ్గా కనిపించిందంటే లిఫ్ట్ లేదనే అనుకో. బుక్ చేసేముందు రాసి అడుగు. రోమ్‌లో టెర్మినీ దగ్గరే, పియాజ్జా విట్టోరియో వైపు చూడు. అందమైన పేట కాదు గానీ చవక, అన్ని బస్సులూ దొరుకుతాయి, బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లలో బియ్యం, పప్పులు, పచ్చిమిరపకాయలు దొరుకుతాయి. వంటిల్లు ఉన్న గదైతే మరీ మంచిది. వెనిస్‌లో మాత్రం నీళ్ళ మధ్య ఊళ్ళో దిగకు. అక్కడ దాదాపు ప్రతి వంతెనకీ మెట్లే, పెట్టెలు మోసుకుని ఎక్కి దిగాలి. ఈవలి ఒడ్డున మెస్త్రే స్టేషన్ ఎదురుగా హోటళ్ళున్నాయి, అద్దె తక్కువ, రైలెక్కితే పది నిమిషాల్లో వెనిస్. ఏ ఊళ్ళో ఉన్నా గది అద్దె కాక మనిషికి రోజుకింత అని ఊరి పన్ను విడిగా కట్టించుకుంటారు, అది కూడా లెక్కలో రాసుకో.

ఒక శుభవార్త. యూరప్ అంటే టాయిలెట్లో నీళ్ళుండవు, కాగితమేనని మీ అమ్మ ఇప్పటికే బెంగపెట్టుకుని ఉంటుంది. ఇటలీలో 1975 నుంచి ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూంలోనైనా బిడే ఉండాలని చట్టమే ఉంది. కమోడ్ పక్కన కుళాయితో సహా ఇంకో తొట్టి ఉంటుంది. మీ అమ్మమ్మ దాన్ని చూసి "వీళ్ళు మనవాళ్ళే" అంది.

బయట టాయిలెట్ల సంగతే అసలు ఇబ్బంది, దీన్ని శ్రద్ధగా చదువు. యూరో ఇప్పుడు వంద రూపాయల పైమాటే. స్టేషన్లలో, వీధుల్లో టాయిలెట్‌కి వెళ్ళాలంటే ఒక యూరో, ఒక్కోచోట ఇంకా ఎక్కువే. వంద రూపాయలిచ్చి వెళ్ళడం మీ అమ్మకి ప్రాణం మీదకొస్తుంది. నోరు తెరిచి చెప్పదు, పొద్దున్నుంచీ మంచినీళ్ళు మానేస్తుంది. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి కాళ్ళు పీకులు. ఆ తరం ఆడవాళ్ళందరూ చేసే పనే ఇది. అందుకని రెండు గంటలకోసారి ఏదో ఒక బార్‌లోకి తీసుకెళ్ళు. బార్ అంటే కంగారుపడొద్దని ముందే చెప్పు, అక్కడ కాఫీ కొట్టుని అలాగే అంటారు. ఒక కాఫీ తీసుకుంటే వాళ్ళ టాయిలెట్ వాడుకోవచ్చు. నిలబడి తాగితే యూరో పైచిల్లర, కూర్చుంటే ఎక్కువ పడుతుంది. నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు నిలబడు. అమ్మతో ఉంటే పెద్ద చౌరస్తా వదిలి రెండు సందులు లోపలికి వెళ్ళి కూర్చోండి, అక్కడ ధర మరీ మండదు. నీళ్ళ సీసాలు మాత్రం కొనక్కర్లేదు. రోమ్ వీధుల్లో ఇనప కుళాయిలు వేలల్లో ఉన్నాయి, నసోనీ అంటారు, ఎప్పుడూ చల్లటి మంచినీళ్ళు కారుతూనే ఉంటాయి. పట్టుకుని తాగొచ్చు.

ధరలు అమ్మ ముందు చదవకు. మెనూ తన చేతికిచ్చావా, ప్రతిదాన్నీ వందతో గుణించి "నాకు ఆకలిగా లేదు, నువ్వు తిను" అంటుంది. మ్యూజియం టికెట్లు, రైళ్ళు అన్నీ ఇక్కడే కొనేసి "డబ్బు కట్టేశాను, వెనక్కి రాదు" అని చెప్పు. ఇక నోరెత్తదు.

తిండికి మీ అమ్మకి పెద్ద ఇబ్బంది ఉండదు. ఆలియో ఓలియో ఎ పెపరొంచీనో అని ఒక పాస్తా ఉంది, నూనెలో వెల్లుల్లి, ఎండుమిరపకాయలు వేయించి కలుపుతారు, మన పోపు లాంటిదే. అర్రబ్బియాతా కూడా కారంగా ఉంటుంది. పీజ్జాల్లో మార్గరీతా ఉంది, చీజ్ వద్దంటే మారినారా ఉంది. తూకం వేసి ముక్కలుగా అమ్మే పీజ్జా కొట్లలో తక్కువలో కడుపు నిండుతుంది. సూప్ అడిగేటప్పుడు జాగ్రత్త, కూరగాయల సూప్‌కి కూడా మాంసం ఉడికించిన నీళ్ళు వాడేవాళ్ళున్నారు. "సెన్జా కార్నే, సెన్జా పేషే" అను, మాంసం వద్దు, చేప వద్దు అని. పర్మిజానో చీజ్ తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. మీ అమ్మకి అది పట్టింపైతే ముందే చెప్పెయ్, అక్కడ తిన్నాక తెలిస్తే బాధపడుతుంది. చాలాచోట్ల బిల్లులో కోపెర్తో అని మనిషికింత కలుపుతారు, మోసం కాదు, కూర్చున్నందుకు తీసుకునే మామూలే.

కందిపొడి, గోంగూర పచ్చడి, పులిహోర పేస్టు గట్టిగా ప్యాక్ చేయించి పెద్ద పెట్టెలో పెట్టు. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసినవేవీ యూరప్‌లోకి తేనివ్వరు. రైస్ కుక్కర్ ప్లగ్గు మూడు పిన్నులదైతే అడాప్టర్ కావాలి, సన్న రెండు పిన్నులదైతే నేరుగా పడుతుంది.

ఇక చూడటానికి. నీ లిస్టులో టికెట్ ఉన్నవే రాశావు. మైకెలాంజిలో చెక్కిన పియెతా, అంటే ఏసు శవాన్ని ఒళ్ళో పెట్టుకున్న మేరీ విగ్రహం, సెయింట్ పీటర్స్ చర్చిలో ఉంది, ప్రవేశం ఉచితం, భద్రతా తనిఖీ క్యూ ఉంటుంది గనక పొద్దున్నే వెళ్ళండి. అతనే చెక్కిన మోషే విగ్రహం సాన్ పియెత్రో ఇన్ వింకోలీ అనే చర్చిలో ఉంది, అదీ ఉచితమే. కరవాజ్జో వేసిన మూడు పెద్ద చిత్రాలు సాన్ లుయీజి దెయి ఫ్రాంచేజి చర్చిలో గోడకే ఉన్నాయి. చిల్లర నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపు చూడొచ్చు. చర్చిలో బల్ల మీద కూర్చుని చూడటం మీ అమ్మకి మ్యూజియం కంటే సుఖం. భుజాలు, మోకాళ్ళు కప్పుకుంటే చాలు, చీర కట్టుకుంటే ఏ గొడవా లేదు. పాంథియన్ అనే పాత రోమన్ గుడికి టికెట్ ఉంది, ఆ డబ్బు ఇవ్వు. పందొమ్మిది వందల ఏళ్ళ నాటి కాంక్రీటు గుమ్మటం, నడినెత్తిన తెరిచిన కంత, వాన పడితే లోపల నేల మీదే పడుతుంది.

కొలోసియంకి టికెట్ 18 యూరోలు, పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఇవ్వు. లోపల లిఫ్ట్ ఉంది. అదే టికెట్‌తో పక్కనున్న ఫోరమ్ శిథిలాలకీ వెళ్ళొచ్చు గానీ అక్కడ నేలంతా ఎగుడుదిగుడు రాళ్ళు. పక్క రోడ్డు మీద నుంచి చాలావరకు కనిపిస్తుంది, అమ్మని అక్కడే ఒక చోట కూర్చోబెట్టి నువ్వు దిగి చూసిరా. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఉచితం. ఆ రోజు కొలోసియం క్యూ చూస్తే నీకే నీరసం వస్తుంది, ఏదైనా చిన్న మ్యూజియంకి వెళ్ళండి. పెద్దవాళ్ళకి రాయితీ ఉంటుందని రాశావు, అది మనకి రాదు, కొట్టేయ్. సెయింట్ పీటర్స్ గుమ్మటానికి లిఫ్ట్ ఉందని చూసి మురిసిపోకు, లిఫ్ట్ దిగాక ఇంకా 320 మెట్లున్నాయి. ఫ్లోరెన్స్ కథెడ్రల్ గుమ్మటానికి 463, లిఫ్టే లేదు. దాని బదులు సాయంత్రం బస్సెక్కి గుట్ట మీదున్న పియాజ్జాలే మికెలాంజెలో అనే చౌరస్తాకి వెళ్ళండి, గుమ్మటంతో సహా ఊరంతా కనపడుతుంది, బస్సు టికెట్ తప్ప పైసా ఖర్చు లేదు.

వెనిస్‌లో గొండోలా అనే పడవకి అరగంటకి 90 యూరోలు. మీ అమ్మ ఎక్కనంటుంది, ఈసారి తన మాటే విను. వపరెట్టో అనే నీళ్ళ బస్సుకి 24 గంటల పాస్ 25 యూరోలు, ఒక్కసారి ఎక్కితే తొమ్మిదిన్నర. పాసే తీసుకో. 1 నంబరు పడవలో స్టేషన్ దగ్గరెక్కి ముందు సీట్లో కూర్చోబెట్టు, గ్రాండ్ కెనాల్ పొడవునా భవంతులు చూస్తూ సాన్ మార్కో చౌరస్తా దాకా పోవచ్చు.

ఊళ్ళ మధ్య ఫాస్ట్ రైళ్ళకి టికెట్లు ఎంత ముందు కొంటే అంత చవక. పీసా వెళ్ళే మామూలు రైలుకి ఎప్పుడు కొన్నా ఒకటే ధర, కాగితం టికెట్ కొంటే మాత్రం ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి మిషన్‌లో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా. అక్కడ సమ్మెలు మామూలే, షోపెరో అంటారు. తేదీలు ముందే ప్రకటిస్తారు, ప్రయాణం వారంలో ఒకసారి చూసుకో.

రోజుకి ఒక్కటే పెద్ద చోటు పెట్టుకో. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా గదిలో పడుకోనివ్వు. మందులు ప్రయాణానికి సరిపడా, ఇంకో వారానికి ఎక్కువగా, డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలో ఉండాలి. ఆకుపచ్చ శిలువ గుర్తు కనిపిస్తే మందుల షాపు. అత్యవసరమైతే 112.

రోమ్ పాత వీధులు చాలావరకు చిన్న చిన్న నల్లరాళ్ళు పరిచినవి, చెప్పులతో పని జరగదు. ఈ ఆదివారమే అమ్మకి మంచి బూట్లు కొనిపెట్టు, చీర కింద బాగుండవంటే ఇటలీలో ఎవరూ చూడరని చెప్పు. రేపటి నుంచే వాటితో సాయంత్రం అరగంట నడవమను. నేనూ ఫోన్ చేసి అడుగుతుంటాను. ప్లాను మార్చి మళ్ళీ పంపు, ఈసారి ఎక్కడెక్కడ లిఫ్ట్ ఉందో పక్కన రాయి.

ఉంటాను,
పెద్దమ్మ