ఆ సైన్యం పోలిక తీసెయ్

తమ్ముడూ,

ఊపిరితిత్తుల్లో వైరస్‌తో మన శరీరం ఎలా పోరాడుతుందో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వైరస్ శత్రువు, తెల్లరక్తకణాలు సైనికులు, చివర్లో విజయం. చకచకా సాగింది, కాదనను. ఊపిరితిత్తి మాత్రం ఎక్కడా కనపడలేదు.

ముందు ఆ చోటు చూపించు. గాలిగది గోడ, దాన్ని ఆనుకున్న రక్తకేశనాళిక గోడ కలిపినా చాలాచోట్ల ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉండదు. తలవెంట్రుక మందంలో యాభయ్యో వంతు కూడా కాదన్నమాట. ఆక్సిజన్ దాటాల్సింది ఆ పొరనే. వాపుతో అక్కడ నీరు, కణాలు నిండిపోతే వైరస్ పోయినా మనిషికి ఊపిరాడదు. నీ కథలో టెన్షన్ అంతా ఇక్కడుండాలి.

నువ్వేమో 'పని ముగిశాక సైన్యం వెనుదిరుగుతుంది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నేనైతే సగం వ్యాసం అక్కడే కూర్చుంటాను. ఇన్‌ఫ్లుయెంజా సోకిన ఎలుకల్లో తేలిందేమిటంటే, వైరస్ పట్టిన కణాలను చంపే టీ కణాలే (ఇవీ తెల్లరక్తకణాలే), సరిగ్గా ఆ రోజుల్లోనే, వాపును తగ్గించే ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేత ప్రొటీన్‌ను కూడా వదులుతాయి. దాని పనిని అడ్డుకుంటే వాపు పేట్రేగి ఎలుకలు చనిపోయాయి. కొట్టే చెయ్యే ఆపే చెయ్యి కూడా! ఏ సైన్యంలో ఉందిది? నేనూ కొత్తలో ఈ పోలిక పట్టుకునే వేలాడాను, అందుకే చెబుతున్నా.

చచ్చిన న్యూట్రోఫిల్‌ను (ఒకరకం తెల్లరక్తకణం) మింగాక మాక్రోఫేజ్ (చచ్చిన కణాలను మింగే కణం) తీరు మారడం కూడా రాయి. అంతదాకా వాపు పెంచే సంకేతాలు పంపిన కణమే, మింగాక మాన్పే సంకేతాలు మొదలుపెడుతుంది. స్పందన మితిమీరకుండా చూసే నియంత్రణ టీ కణాలను ఒక వాక్యంలో దాటించినా ఫర్వాలేదు.

'ఇమ్యూనిటీ పెంచుకుందాం' అన్న ముగింపు కొట్టెయ్. 2020లో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే కోవిడ్ మందుల ట్రయల్ గుర్తుందా? రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌తో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆ మందు చేసేది రోగనిరోధక స్పందనను అణచడమే. ఆక్సిజన్ అవసరం పడనివాళ్లకు మాత్రం దానివల్ల మేలు కనపడలేదు. ఈ రెండో సంగతి వదిలేస్తే పాఠకుడు జ్వరం రాగానే స్టెరాయిడ్ కొనుక్కుంటాడు, జాగ్రత్త.

ఇంకొకటి. 'సైటోకైన్ తుఫాను' (వాపు పెంచే సంకేతాలు అదుపు తప్పి వెల్లువెత్తడం) అన్న మాట మూడుచోట్ల వచ్చింది. ఒకటి ఉంచుకో. మిగతా రెండుచోట్లా ఏ కణం, ఎప్పుడు, ఏం వదిలిందో రాసి మళ్లీ పంపు.

మీ అన్నయ్య