రాజీనామా మాత్రం రాసివ్వకండి

ప్రశ్న: ఒక అమెరికన్ కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. నేను గే అన్న సంగతి ఈమధ్య మా టీంలో బయటపడింది. అప్పటినుంచి క్లయింటు మీటింగులకు పిలవడం లేదు. పోయిన వారం హెచ్‌ఆర్ వాళ్లు, ‘గొడవెందుకు, మీరే తప్పుకోండి, మంచి అనుభవ పత్రం ఇస్తాం’ అన్నారు. అమెరికా చట్టం నన్ను కాపాడుతుందా? ఇంట్లో ఏమీ తెలియదు.
– పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: రాజీనామా రాయకండి. ఒకసారి సంతకం పెట్టాక, బలవంతంగా రాయించుకున్నారని నిరూపించే బాధ్యత మీ నెత్తిన పడుతుంది. అనుభవ పత్రం వాళ్లు చేసే ఉపకారమేమీ కాదు.

గే అన్న కారణంతో ఉద్యోగం తీసేయడం లింగ వివక్షేనని అమెరికా సుప్రీంకోర్టు 2020లో, బోస్టాక్ కేసులో చెప్పింది. కానీ ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే ఆ చట్టం, ఆ దేశం వెలుపల అమెరికా పౌరులకే వర్తిస్తుంది. మీకు పనికొచ్చేది కంపెనీ సొంత నియమావళి. లైంగికత ఆధారంగా వివక్ష కూడదని అందులో ఉంటే, ఇక్కడి హెచ్‌ఆర్‌ను దాటి నేరుగా ప్రధాన కార్యాలయానికి ఫిర్యాదు చేయండి.

మన దగ్గర 2018 నాటి నవ్‌తేజ్ సింగ్ జోహార్ తీర్పు స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ కోరలు పీకింది. ఆ తీర్పు బలంతోనే ఉత్తరప్రదేశ్‌లో ఒక హోంగార్డుకు 2021లో అలహాబాద్ హైకోర్టు ఉద్యోగం తిరిగి ఇప్పించింది. భాగస్వామితో ఉన్న వీడియో బయటికొచ్చిందని ఆయనను తీసేశారు. అయితే ఆయనది ప్రభుత్వ విభాగం. ప్రైవేటు యజమానిని నేరుగా కట్టడి చేసే చట్టం ట్రాన్స్‌జెండర్లకు 2019లో వచ్చింది, గేలకు ఇంతవరకు లేదు. గేలను కూడా కలుపుతూ ఒక్క వాక్యం చేర్చడానికి పార్లమెంటుకు ఏం అడ్డొచ్చిందో నాకు అర్థం కాదు.

మీది మేనేజర్ హోదా కాకపోతే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలల సర్వీసు దాటినవారిని తీసేయాలంటే సహేతుకమైన కారణం ఉండాలి, నెల ముందు నోటీసైనా, ఆ నెల జీతమైనా ఇవ్వాలి. దానిపై అప్పీలుకూ వెళ్లవచ్చు. అయితే ఐటీ కంపెనీలకు ఈ నిబంధనల నుంచి ప్రభుత్వం మినహాయింపులు ఇస్తూ వచ్చింది, మీది ఐటీ కంపెనీ అయితే ముందు లాయరును అడగండి.

ఈరోజే హెచ్‌ఆర్‌కు మెయిల్ పంపండి: ‘ఫలానా తేదీన తప్పుకోమన్నారు, కారణం రాతపూర్వకంగా తెలపండి’ అని. మీ వ్యక్తిగత విషయం అందులో ఎత్తనక్కరలేదు. పనితీరు మెచ్చుకున్న లేఖలు దాచుకోండి. క్లయింటు ఫైళ్ల జోలికి పోకండి, అది వాళ్లకు తేరగా దొరికే సాకు. కంపెనీ రికార్డులో శాశ్వత చిరునామా మీ అమ్మానాన్నల ఇల్లే అయివుంటే, ఏ లేఖయినా అక్కడికే పోవచ్చు. ముందు దాన్ని మార్పించండి.